గంట మోగేదాకా నిలబడే జట్టు

1

పంకాలు కడగడం అయ్యాక సుభాషిణి వరిమడి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. ఈ మధ్య ఆ గదిలోకి ఎవరు అడుగు పెట్టినా చీపురు తిరగేస్తోంది. కానీ మా పల్లం ఊళ్ళో తిరిగే ప్రతి గాలిపంకా నా చేతి కింద ఉంది, మడి గదిలోదీ అంతే, కాబట్టి నన్ను రానివ్వక తప్పదు.

సుభాషిణి నా తోడికోడలు, మా మరిది రాఘవులు భార్య. తలుపు తీసి నన్ను చూసి, కాళ్ళు తుడుచుకోమని, తలకి గుడ్డ కట్టుకోమని, ఊపిరి మెల్లగా తీసుకోమని వరసగా చెప్పింది. ఊపిరి సంగతి నాకు నేర్పే మనిషి ఊళ్ళో ఈవిడ ఒక్కతే. తర్వాత ఒక కంకి వంచి, గింజని గోటితో నొక్కి చూపించింది. తెల్లటి చుక్క ఒకటి బయటికొచ్చింది. వరి పాలు పోసుకుంటోంది.

ఇద్దరం కాసేపు ఆ చుక్క వంక చూస్తూ నిలబడ్డాం. ఇది మూడో పంట. మొదటిసారి నీళ్ళ గొట్టం గడ్డకట్టి మొలకలోనే పోయింది. రెండోసారి సరిగ్గా ఇలా పాలు పోసుకునే వేళకే అద్దం మెరక ఊరి వాళ్ళ చేతికి పోయి, మడికి వెలుతురు లేక అంతా తాలు తేలింది. ఈసారి మిగిలిన విత్తనమంతా వేసేసింది. ఇది కూడా పోతే పల్లంలో ఇక వరి ఉండదు. నాచుపిండి రొట్టెలు తింటూ, అన్నం ఎలా ఉండేదో మా అమ్మ చెప్పిన మాటలు నెమరేసుకుంటూ బతకాలి.

"గింజ గట్టిపడిందాకా ఎలుతురు తగ్గగూడదక్కా. తగ్గిందా, మళ్ళా తాలే. ఇంక నా వల్ల కాదు," అంది.

సుభాషిణి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. వింటే భయం వేసింది.

2

రోజూ పంకాల సంగతి రాయడం నా ఉద్యోగం. ఈ దఫా జట్టు సంగతి కూడా ఇందులోనే రాస్తున్నాను. పంకాల లెక్క కావలసినవాళ్ళు పక్క పేజీ చూసుకోవచ్చు.

మెరక నుంచి కబురు వచ్చింది. అద్దం కోసం పోటీకి వస్తున్నారట. రాక మానతారా? భూమికి దూరంగా ఉన్న ఈ నేల మీద మా ఊరు పెద్ద గుంట అడుగున, వాళ్ళ ఊరు అదే గుంట ఏటవాలు మీద. రెండు చోట్లా ఎండ పొడ తగలదు. సూర్యుడు కనిపించేది పై అంచు మీదే. అక్కడున్న అద్దాన్ని ఎటు తిప్పితే అటే వెలుతురు దిగుతుంది, ఒకేసారి రెండు ఊళ్ళకీ దిగదు. మా నాన్నల కాలంలో దీనికోసం పానాలు పట్టుకుని కొట్టుకున్నారు. ఎవరి పానా తగిలిందో గానీ గాలి గొట్టం పగిలి, రెండు ఊళ్ళ జనమూ ఒకే గదిలో కూర్చుని ఒకే ట్యాంకు గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళు బిక్కచచ్చి కూర్చుంటే, పిల్లలు మాత్రం పలకల మీద జీవాల ఆట ఆడుకుంటున్నారట. భూమి మీద నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పాత వీడియో గేమ్ అది. ఒకరి జీవాన్ని ఒకరు ముందుకు నిలబెట్టి కొట్టించుకోవడమే ఆట. ఇకమీద తగువు ఇందులో తేల్చుకుందాం, పడిపోతే జీవాలే కదా పడిపోతాయి అని అక్కడికక్కడ ఒప్పందం చేసుకున్నారు. అప్పటినుంచీ అలాగే నడుస్తోంది.

ఇన్నేళ్ళూ మా తరఫున ఆడింది నా తమ్ముడు పానకాలు. కిందటి దఫా అద్దం మాకు గెలిచి పెట్టిందీ వాడే. గెలిచిన ఊపులో మెరక పిల్ల హిమజని పెళ్ళి చేసుకుని వాళ్ళింటికి ఇల్లరికం వెళ్ళాడు. ఒట్టి చేతులతో వెళ్ళాడా అంటే అదీ లేదు, అరణంలాగా తన మంటపుంజుని కూడా పట్టుకుపోయాడు. మా జీవాలన్నిటిలోకీ గట్టిగా కొట్టేది అదొక్కటే. ఇప్పుడు అత్తారి ఊరి తరఫున ఆడబోతున్నది కూడా వాడే.

మరి మనవైపు ఎవరు అని సభలో అడిగితే అందరూ నా వంక చూశారు. వాడు ఆడుతున్నంత కాలం వెనక కూర్చుని తప్పులు పట్టింది నేనే కదా, అనుభవించు అన్నట్టుంది వాళ్ళ చూపు. మా ఆయనైతే నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు.

3

పలక ముందేసుకుని బాగా ఆలోచించాను. పానకాలుతో కొట్లాటకి దిగితే వాడు నన్ను నిమిషంలో నమిలేస్తాడు. కానీ ఒప్పందంలో ఒక సంగతుంది. ముగింపు గంట మోగేసరికి ఎవరి జట్టూ పూర్తిగా పడకపోతే, అద్దం ఎవరి దగ్గరుంటే ఆ పోటు (ఒక్కో ఆటని మేం పోటు అంటాం) వాళ్ళదే. మొత్తం మూడు పోట్లు, రెండు నెగ్గినవాళ్ళకి అద్దం. అద్దం ఇప్పుడు మాది. అంటే నేను గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు. వాడు గెలిచి తీరాలి.

ఈ సంగతి తోచాక మనసు కుదుటపడింది. ఆగకుండా నడిపించడం నాకు కొత్త పని కాదు. పంకా గొప్పగా తిరగక్కర్లేదు, ఆగకుండా ఉంటే చాలు.

మా ఊళ్ళో నాలుగు వరసల ఇళ్ళు. వరసకొక జీవాన్ని పిల్లలూ పెద్దలూ కలిసి మేపి పెంచుతారు. మా మొదటి వరసది రాతి తాబేలు. చలి తప్ప ఎలాంటి దెబ్బైనా గుల్ల మీద కాచుకుంటుంది. రెండో వరసది నాచుపిల్లి, దాన్ని గుడ్డులోంచి పెంచింది సుభాషిణి. (పిల్లి గుడ్డేమిటని ఎవరూ అడగొద్దు, ఆ ఆటలో అన్నీ గుడ్డులోంచే వస్తాయి.) పిల్లి ముందు నిలబడి చెయ్యి నాకుతూ కూర్చుంటే వెనక ఉన్నవాటి గాయాలు మానతాయి. మంటంటే మాత్రం దానికి పడదు. మూడో వరస బంకనత్త ఎదుటివాడి జీవం కాళ్ళకి అంటుకుని నెమ్మది చేస్తుంది. నాలుగో వరస ఉప్పుపీత నేలంతా ఉప్పు పలుకులు చల్లుతుంది, ఎదుటివాడు కొత్త జీవాన్ని దింపినప్పుడల్లా దాని కాళ్ళకి గుచ్చుకుంటాయి. నాలుగింటిలో ఒక్కటీ పట్టుమని కొట్టలేదు. చూడడానికి జట్టులా లేదు, పెళ్ళికి మిగిలిన చుట్టాల్లా ఉంది.

మా ఆయన్ని కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టాను. ఆయన కొడుతూనే ఉన్నాడు, నేను ఒకదాన్ని వెనక్కి తీసి ఇంకొకదాన్ని దింపుతూనే ఉన్నాను. దెబ్బ తిన్నది వెనక్కెళ్ళి పిల్లి పుణ్యమా అని కోలుకుంటుంది, మళ్ళీ వస్తుంది. ఈలోగా ఆయన జీవాలు ఉప్పు గుచ్చుకుని కుంటుతున్నాయి. చివరికి, నీతో ఆడటం కంటే గోడతో ఆడటం నయం అని విసుక్కుని అన్నానికి లేచాడు. అన్నం అంటే రొట్టే లెండి, అలవాటుగా అలా అంటాం. నాకు మాత్రం ఆ విసుగు ఎంత బాగుందో చెప్పలేను.

4

మొదటి పోటు ఓడిపోయాను.

ఓడటం కూడా అలా ఇలా కాదు. మెరకలో కూర్చుని పానకాలు, ఇక్కడ సభగదిలో నేను, వెనక ఊరంతా. నత్తని వెనక్కి తీసి పీతని దింపాను. దిగీ దిగగానే వాడి దున్న విసిరిన పిడుగు దాని నెత్తిన పడింది. ఉప్పుపీతకి పిడుగంటే పడదు. ఎదుట ఉన్నది నత్త అని వాడికి తెలుసు, నత్త మీద పిడుగు ఏమీ చెయ్యదని కూడా తెలుసు. అయినా పిడుగే ఎందుకు వేశాడు? పీతని తీసి తాబేలుని దింపాను. దాని కోసం మంచు గబ్బిలం కాచుకుని కూర్చుంది. తాబేలుని తీసి పిల్లిని దింపితే మంట.

నేను ఏది దింపబోతున్నానో దింపకముందే వాడికి తెలిసిపోతోంది. పలకలో ఏదైనా మోసం ఉందేమోనని మూడో వరస వాళ్ళు గొణిగారు. పానకాలు నా చేతుల్లో పెరిగినవాడు, మొండివాడే గానీ మోసం చెయ్యడు. గంటకి ఎంతో ముందే నావి నాలుగూ పడుకున్నాయి.

ఒక్క మేలేమిటంటే, మొదటి రెండు పోట్లలో పడ్డ జీవాలు మళ్ళీ లేస్తాయి. మూడో పోటులో పడ్డవి లేవవు, ఆటలోంచే చెరిగిపోతాయి. పోటీకి విలువ ఉండాలని మా పెద్దవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది.

సుభాషిణి లేచి మడి గదికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండుననిపించింది.

5

ఇవాళ బయట పని పడింది. మెట్ల దగ్గర గాలి ఊట (ఊళ్ళోకి గాలి వచ్చే గొట్టం నోరు) మూసుకుపోతే నేనూ రాఘవులూ తొడుగులు వేసుకుని వెళ్ళాం. మా దగ్గర బయట పనికి వంతు ఖాయం. ఒంటికి కిరణాలు సోకుతాయి కాబట్టి ఎవరూ తమ వంతు దాటి బయట నిలబడరు. ఒకరి వంతు అవగానే రెండోవాడు భుజం మీద చెయ్యి వేస్తాడు, మొదటివాడు లోపలికి వస్తాడు. చిన్నప్పుడు నడకతో పాటు నేర్చుకున్న పద్ధతి ఇది.

రాఘవులు బోల్టు బిగిస్తున్నాడు. ఇంకొక్క చుట్టు తిప్పితే అయిపోతుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే అతని భుజం మీద పడింది.

అతను రేడియోలో, ఒక్క చుట్టు ఆగు వదినా అన్నాడు. నేను ఆగలేదు. లోపలికి పంపి ఆ ఒక్క చుట్టూ నేనే తిప్పాను. తిప్పుతుండగా నా బుర్రలో కూడా ఒక బోల్టు బిగిసింది.

నేను జీవాల్ని కూడా వంతు ప్రకారమే దింపుతున్నాను. తాబేలు, పిల్లి, నత్త, పీత. మొదటి వరస, రెండో వరస, మూడు, నాలుగు. మళ్ళీ మొదటి వరస. ఒక దెబ్బ కాగానే భుజం మీద చెయ్యేసినట్టు వెనక్కి తీస్తున్నాను. దేన్నీ రెండు దెబ్బలకి బయట ఉంచలేదు. సాధనలో మా ఆయనకి ఇది కనిపించలేదంటే ఆయన కూడా పల్లంలో పుట్టినవాడే, ఆయన కంటికి అదే సహజం. పానకాలు కూడా పల్లంలోనే పుట్టాడు. కానీ వాడిప్పుడు మెరకలో ఉంటున్నాడు. అక్కడ గోడలు మందం, బయట పనికి వంతుల్లేవు. దూరం వెళ్ళి చూస్తే మన నడక మనకి కనిపిస్తుందేమో.

6

సభలో ఈ సంగతి చెప్పాను. తప్పు తెలిసింది కదా, సరిదిద్దుకో అంటారనుకున్నాను. నాకెంత బుద్ధి ఉందో చూడండి.

తాబేలుని ఎక్కువసేపు నిలబెడతాను, పీతని అవసరమైతేనే దింపుతాను, వంతు చూడను అన్నాను. అనగానే నాలుగో వరస బసవపున్నమ్మ లేచింది. ఆవిడ ఊళ్ళో అందరికంటే పెద్దది, లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి, లేచాక కూర్చోబెట్టడానికి ఊరంతా పట్టాలి. వాళ్ళ పిల్లలు తమ తిండి మానుకుని పీతని మేపారట. దాన్ని దింపకపోవడమంటే నాలుగో వరస పనికిరాదని చెప్పడమేనట. ఇంతలో మా వరసలో ఒకాయన లేచి, అయితే మా తాబేలు ఒక్కటే అందరి దెబ్బలూ తినాలా అన్నాడు. ఎక్కువ దింపినా తప్పే, తక్కువ దింపినా తప్పే. నాకు ఒళ్ళు మండింది. నాలుగు బొమ్మల కోసం పంట పోగొట్టుకుంటారా అని అరవబోయి ఆగాను. అవి బొమ్మలు కావని నాకూ తెలుసు. ఆ తాబేలుకి మా ఇంట్లో పుట్టినరోజు చేస్తాం.

వంతు వల్లే మనం బతికున్నాం, వంతు వదిలితే రేపు నీళ్ళ దగ్గరా గాలి దగ్గరా కూడా వదులుతారు అంది బసవపున్నమ్మ. ఆ మాటలో అబద్ధం లేదు.

అప్పుడు సుభాషిణి మాట్లాడింది. సభలో నోరు విప్పే మనిషి కాదు.

"పెద్దమ్మా, వరికి మన వంతులు తెలవ్వు. దానికి ఎలుతురు కావాల్సినప్పుడు కావాలంతే," అంది. "ఆట ఆడినంతసేపు వంతు పక్కన బెడదాం. గంట మోగినాక మళ్ళా తీసుకుందాం."

బసవపున్నమ్మ ఆట వరకే అని మూడుసార్లు అనిపించుకుని కూర్చుంది.

7

రెండో పోటు నిలబెట్టుకున్నాం.

తాబేలుని దింపాను. ఒక దెబ్బ పడింది. చెయ్యి వెనక్కి తియ్యబోయింది, వేళ్ళు పిడికిలి బిగించి కూర్చున్నాను. తీస్తాననుకుని పానకాలు పిల్లి కోసం మంట సిద్ధం చేశాడు. ఆ మంట తాబేలు గుల్ల మీద పడి చప్పగా ఆరిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఒకసారి రెండు దెబ్బలకి ఉంచాను, ఒకసారి నాలుగింటికి ఉంచాను, ఒకసారి వెంటనే తీశాను. వాడు పిడుగు వేస్తే నత్త, మంచు వేస్తే పీత ఎదురుపడ్డాయి. దింపినప్పుడల్లా వాడి జీవాలకి ఉప్పు గుచ్చుకుంటూనే ఉంది.

గంట మోగేసరికి నావి నాలుగూ నిలబడే ఉన్నాయి. జట్టు కట్టినందుకు మొదటిసారి గర్వం కలిగింది. గట్టి జట్టంటే గట్టి జీవాలు కాదు, ఒకటి లేనప్పుడు దాని లోటు ఇంకొకటి కాయగలగడం. పానకాలుకి నేను చిన్నప్పుడు అట్లకాడతో నేర్పలేకపోయిన సంగతి ఇది.

మడి గదిలో కంకులు వంగడం మొదలైంది. గింజ ఇంకా మెత్తగానే ఉంది. మూడో పోటుతో తేలిపోతుంది.

8

పానకాలు రేడియోలో పిలిచాడు. పెళ్ళయ్యాక వాడంతట వాడు పిలవడం ఇదే మొదలు.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాడు. బావ బాగున్నాడా, మూడో పంకా ఇంకా కీచుమంటోందా అని. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. అద్దం వస్తే మెరక వాళ్ళు కొలిమి వెలిగించి, ఇసక కరిగించి, గాజు పోసుకుని కొత్త గదులు కడతారట. అందులో ఒకటి వాడిదీ హిమజదీ. ఇప్పుడు అత్తగారింట్లో నడవలో తెర కట్టుకుని పడుకుంటున్నారు. మామగారు మంచివాడేనట, కానీ తెల్లవారుజామున లేచి ఆ తెర పక్కనే దగ్గుతూ వ్యాయామం చేస్తాడట.

నవ్వాను. వాడు నవ్వలేదు.

"నవ్వమాకక్కా. ఆ ఇంట్లో నాదనేది ఏం లేదు. ఒక్క గది అడిగితే, ముందు అద్దం గెలిచి రా అల్లుడూ అన్నారు," అన్నాడు.

"సుభాషిణి పంట సంగతి తెలుసుగా నీకు," అన్నాను.

"తెలుసు. అందుకే ముందే చెప్తన్నా. నేను తగ్గను. నువ్వు కూడా తగ్గమాక. నా మొహం చూసి తగ్గితే ఇంక నీతో మాట్లాడను."

సరే అన్నాను. రేడియో కట్టేశాక చాలాసేపు పని తోచలేదు. వాడికి గది కావాలని నాకూ ఉంది. వాడు నా తమ్ముడు, వాడికి పాలు పట్టింది నేను. సుభాషిణి కంట్లో నీళ్ళు చూడలేననీ ఉంది. రెండూ కావాలని ఉంది, అద్దం మాత్రం ఒకవైపే తిరుగుతుంది. ఆ పూట కడిగిన పంకానే మళ్ళీ కడిగాను.

9

మూడో పోటు.

వాడు పద్ధతి మార్చాడు. నేనేం దింపుతానో ఊహించడం మానేశాడు. మంచు గబ్బిలాన్ని దింపి, నావాటన్నిటికీ కొంచెం కొంచెంగా మంచు పట్టించాడు. పట్టిన మంచు వెనక కూర్చున్నా వదలదు, ప్రాణాన్ని నెమ్మదిగా తింటుంది. పిల్లి ముందు నిలబడి నాకితేనే కరుగుతుంది. పిల్లిని దింపగానే వాడు పుంజుని దింపుతున్నాడు. అంటే నా ఓపికని నా మీదకే తిప్పాడన్నమాట. ఇది నా దగ్గర నేర్చుకున్నదే, ఎదురుగా చూస్తుంటే ముచ్చటేసింది, భయమూ వేసింది.

ముందు నత్త పడింది. తర్వాత పీత పడింది. బసవపున్నమ్మ కళ్ళు మూసుకుంది. వాడి దున్న ఉప్పు గుచ్చుకుని గుచ్చుకుని పడిపోయింది. పుంజుకి కూడా ఇక కొనప్రాణమే ఉంది.

నాకు మిగిలినవి రెండు. ముందు పిల్లి, వెనక మంచు పట్టి కొనఊపిరితో ఉన్న తాబేలు. పిల్లికి ఎదురుగా మంటపుంజు. పిల్లిని వెనక్కి తీసి తాబేలుని దింపితే, ఇప్పుడున్న స్థితిలో అది ఒక్క దెబ్బ కూడా కాయదు. ఆ తర్వాత పిల్లి ఒక్కతే గంటదాకా నిలబడే దారి లేదు. తాబేలు కోలుకోవాలంటే పిల్లి అక్కడే మంట ముందు కూర్చుని నాకుతూ ఉండాలి, ఒకసారి కాదు, తను పడిపోయేదాకా. అలా చేస్తే తాబేలు నిండు ప్రాణంతో దిగుతుంది.

లెక్క తేలిగ్గానే తెలిసింది. చెయ్యి ఒప్పుకోలేదు. బయట మనిషిని వదిలేసి తలుపు మూస్తున్నట్టే అనిపించింది. ఈ పోటులో పడితే పిల్లి ఇక లేవదు. వేలు పలక మీదికి వెళ్ళింది, వెనక్కి తీసే చోటనే ఆగింది.

"ఉంచక్కా. దాన్ని అక్కడే ఉంచు," అంది సుభాషిణి.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఉంచలేను.

ఉంచాను. పిల్లి నాకింది, మంట పడింది. మళ్ళీ నాకింది, మళ్ళీ మంట పడింది. వెనక తాబేలు మీద మంచు కొంచెం కొంచెం కరిగింది. ఆఖరిసారి నాకి, పిల్లి పక్కకి వాలింది. అది ఉండే చోటు పలక మీద ఖాళీ అయింది. రెండో వరస పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు, వాళ్ళ నోళ్ళు ఎవరూ మూయించలేదు.

తాబేలుని దింపాను. పుంజు కొట్టింది, గుల్ల తట్టుకుంది. గబ్బిలం వచ్చి చలి ఊదింది, తాబేలు తల లోపలికి తీసుకుంది. పుంజు మళ్ళీ దిగినప్పుడు ఒక్క తన్ను తంతే పడిపోయేది. కానీ తన్నాలంటే తాబేలు తల బయటపెట్టాలి. నేను గెలవడానికి రాలేదు. తల లోపలే ఉంచాను. వాడు కొడుతూనే ఉన్నాడు, నేను కాచుకుంటూనే ఉన్నాను. తాబేలు ప్రాణం వేలెడంత మిగిలి ఉండగా గంట మోగింది.

ఊరంతా లేచి నిలబడింది.

"నన్ను గెలవనియ్యవు, నువ్వూ గెలవవు. ఇదేం ఆటక్కా," అన్నాడు పానకాలు రేడియోలో. తగ్గావా తమ్ముడూ, నా కోసం తగ్గావా అని అడిగాను. లేదన్నాడు. చేతనైనదంతా చేసి ఓడాననీ, చాలా కోపంగా ఉందనీ, ఇప్పుడు మాట్లాడలేననీ చెప్పి కట్టేశాడు. సభ అంతా నన్ను మెచ్చుకుంటుంటే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

10

గింజ గట్టిపడింది. సుభాషిణి పంటితో కొరికి చూసి, టక్కుమన్న చప్పుడు నాకు వినిపించాలని మళ్ళీ ఇంకొకటి కొరికింది.

కోత అయ్యాక విత్తనానికి ముందు తీసి మూటగట్టింది. మిగిలినవి దంచితే ఊరంతటికీ మనిషికి రెండు మూడు ముద్దలకి సరిపోయే బియ్యం వచ్చాయి. ఇన్నేళ్ళ పెద్ద ఆశకి ఇంత చిన్న కుండా అనిపించింది. రాఘవులు మెరకకి వెళ్ళి పానకాలునీ హిమజనీ భోజనానికి పిలిచి వచ్చాడు. వస్తారో రారో చెప్పలేదట. నేను పిలిస్తే వాడు పలకడం లేదు.

అన్నం ఉడుకుతుంటే ఆ వాసన గొట్టాల్లోంచి ఊరంతా పాకింది. పంకాలు ఇంత పనికొచ్చిన రోజు ఇంకోటి లేదు. పిల్లలకి అది దేని వాసనో తెలియదు. బసవపున్నమ్మ మాత్రం వాసన తగలగానే తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

వడ్డించే వేళకి వాళ్ళిద్దరూ వచ్చారు. పానకాలు చిక్కిపోయాడు. నా వంక చూడకుండా వచ్చి బంతిలో చివర కూర్చున్నాడు. సుభాషిణి వడ్డించింది. వాడు కంచం వంక చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే తమ్ముడూ. విత్తనం తీసి ఉంచా," అంది సుభాషిణి.

"దీనికా నా గది పోయింది?"

నేను నా కంచంలో ముద్ద వంక చూసుకున్నాను.

వాడి పక్కన హిమజ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మెరకలో పుట్టిన పిల్ల, అన్నం ఎన్నడూ తినలేదు. నమలడం ఆపేసింది. బాగాలేదేమోనని సుభాషిణి కంగారుపడింది. హిమజ కళ్ళు మూసుకుని, మళ్ళీ మెల్లగా నమలసాగింది. మింగాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు. పానకాలు తను తినడం మాని ఆమెనే చూస్తున్నాడు. తర్వాత తన కంచంలోది తీసి ఆమె కంచంలో పెట్టాడు.

"మళ్ళీ దఫాకి నీ తాబేలు పని అయిపోద్ది," అన్నాడు, నా వంక చూడకుండానే.

"రా, చూద్దాం," అన్నాను.

లేచి వెళ్ళి నా ముద్ద వాడి కంచంలో వేశాను. వాడు వద్దనలేదు.